పురియలే మాస్టరు

కోవిల్‌పట్టి శివార్లలోని ఆ నూలు మిల్లులో అళగర్సామి మాస్టరుకు ఏ విషయమూ ఒక్కసారికి అర్థమయ్యేది కాదు. రెండోసారికి కూడా అయ్యేది కాదు. మూడోసారి చెప్పినప్పుడు కళ్ళు చికిలించి, మెడ ఒక పక్కకు వాల్చి, ఇప్పుడు కొంచెం తగులుతోంది అనేవాడు. ఆ "కొంచెం" వినగానే చెప్పేవాడి ప్రాణం ఉసూరుమనేది. నాలుగోసారి కూడా చెప్పాలని దానర్థం మరి. దూది లోపలికి పోయిన దగ్గర్నుంచి నూలు బయటికి వచ్చేదాకా అన్నిటికీ పెద్ద స్పిన్నింగ్ మాస్టరే. ఇరవైతొమ్మిదేళ్ళుగా ఆ పదవిలో ఉన్న మనిషికి ఇంత మందబుద్ధి ఎలా అబ్బిందో, ఇంత మందబుద్ధితో ఆ పదవి ఎలా దక్కిందో ఎవరికీ తెలియదు. అర్థం కాలేదు అనడానికి తమిళంలో "పురియలే" అంటారు. గేటు దగ్గర టీ కాచే పొన్నయ్య కూడా ఆయన్ని పురియలే మాస్టరనే పిలిచేవాడు. ఎదురుగానే పిలిచేవాడు. మాస్టరు వెనక్కి తిరిగి, ఏమన్నావు, ఇంకోసారి చెప్పు, అనేవాడు.

పాండిసెల్వి ఆ మిల్లులో హెచ్.ఆర్. ఆఫీసరుగా చేరిన మొదటి వారమే ఆ మాట మహిమ చూసింది. నిప్పు రాజుకుంటే ఏం చేయాలో చూపించడానికి ఒక అధికారి ఎర్ర సిలిండర్లు వేసుకుని వచ్చాడు. పిన్ను లాగాలి, గొట్టం మంట మొదలు వైపు తిప్పాలి, నొక్కాలి, అంతే, అని గడగడా చెప్పేశాడు. వెనక నలభైమంది ఆడవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి తలలు ఊపారు. మాస్టరు మాత్రం ముందుకొచ్చి "పురియలే" అన్నాడు. అధికారి మళ్ళీ చెప్పాడు. మళ్ళీ పురియలే. మూడోసారి ఆ అధికారి ఒళ్ళు మండి నిజంగానే నొక్కి చూపించాడు. సిలిండరు ఖాళీ అయింది, అధికారి నెత్తి మీద తెల్లటి పొడి వెన్నెల కాసింది. ఇక తనవల్ల కాదని చెప్పి, నాలుగోసారికి ఇంకో సిలిండరును ఆడవాళ్ళ చేతికే ఇచ్చి, అమ్మా, మీరే పిన్ను లాగి ఈయనకి చూపండి, అన్నాడు. పాండిసెల్వి సిగ్గుతో ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయింది. అది కొత్త ఉద్యోగం. ఆ మిల్లులోనే ఆమె తల్లి వళ్ళియమ్మాళ్ మోకాళ్ళు అరిగేదాకా నూలు చిలపలు చుట్టింది. ఆ మోకాళ్ళ పుణ్యాన చదువుకుని వచ్చిన పిల్లకి, తన పైవాళ్ళయినా తెలివైనవాళ్ళుగా ఉండాలని ఉంటుంది కదా.

ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలో జరిగిన కథ మరొకటి. పనివాళ్ళలో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా, తీరిక ఉంటే మాస్టరు వెంట వెళ్ళేవాడు. వెళ్ళి ఊరుకోడు. డాక్టరు మందుచీటీ రాసి, ఇది తిన్నాక, ఇది తినకముందు, ఇది రోజు విడిచి రోజు అని చెప్పగానే పురియలే అనేవాడు. ఒకనాడు ఆ డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసి, జబ్బు ఈవిడకా, మీకా అని అడిగింది. జబ్బు ఆమెకే డాక్టర్, పురియనిది నాకు, అన్నాడు మాస్టరు వినయంగా. డాక్టరమ్మ కాసేపు ఆయన మొహంలోకి చూసి, మందుచీటీ వెనకవైపు సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ, అన్నం పళ్ళెం బొమ్మ గీసిచ్చింది.

ఇలా నవ్వుతూ నడిచిపోతున్న రోజుల్లో మిల్లు చేతులు మారింది. యజమాని పెద్దాయన తప్పుకున్నారు. ఆయన అల్లుడు మాధవన్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఉదయాన్నే వచ్చేవాడు, ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు. అయితే పక్క మిల్లులన్నీ కొత్త యంత్రాలు దించాయి గనక తనూ దించాడు. నూలుతో నిండిన బాబిన్లను అవే దించుకుంటాయి, ఖాళీవి అవే తొడుక్కుంటాయి. ఎక్కడ పోగు తెగితే అక్కడ ఎర్ర దీపం వెలుగుతుంది. ఎన్నో కదురు అన్నది చేతిలోని ట్యాబులో కనిపిస్తుంది. బాబిన్లు దించే పని అంతవరకూ చేసింది ఆడవాళ్ళే, అందులో సగంమందికి నలభై అయిదు దాటింది. వాళ్ళ కూతుళ్ళు మిల్లుకి రారు, దుకాణాల్లోనూ బ్యాంకుల్లోనూ కూర్చుంటారు. వాళ్ళ చోటికి ఒడిశా నుంచి కుర్రాళ్ళు రైలు దిగుతున్నారు. మారే యంత్రాల మధ్య మారే మనుషులతో ఎలా నెగ్గుకురావాలో నేర్పడానికి విరుదునగర్‌లోని ఒక హోటల్లో అధికారులకి మూడు రోజుల శిక్షణ పెడితే, మాధవన్ ఇద్దరి పేర్లు పంపాడు. ఒకటి పాండిసెల్వి. రెండోది అళగర్సామి.

బయల్దేరే ముందు మాధవన్ ఆమెను పిలిచి, తిరిగి వచ్చాక ఒక జాబితా కావాలన్నాడు. కొత్త యంత్రం మీద పనికిరానివాళ్ళ పేర్లు. జాబితా అప్పటికే ఆమె సంచీలో ఉంది. వయసు, చదువు చూసి తానే రాసింది. నలభై ఒక్క పేర్లు. మొదటి పేరు చిన్నతాయి. తన తల్లికి స్నేహితురాలు, చిన్నప్పుడు తనకి జడ వేసిన మనిషి.

మొదటి రోజు బస్సులో సాత్తూరు దాటుతుండగా ఆమెకు తల్లి ఫోను చేసింది. చుట్టూ ఎవరూ తెలిసినవాళ్ళు లేరనుకుని పాండిసెల్వి ఇంటిమాటల్లో, తెలుగులో మాట్లాడింది. ఫోను పెట్టేసి తిరిగి చూస్తే వెనక సీట్లోంచి మాస్టరు ఆమెనే చూస్తున్నాడు. ఆరేళ్ళుగా ఆయనతో తమిళం తప్ప మాట్లాడలేదు. మిల్లులో ఎవరి దగ్గరా మాట్లాడలేదు. ఆ తెలుగు వింటే, మీదే ఊరు అని అడుగుతారు. ఊరు చెబితే ఏ వీధి అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్న కోసమే ఆమె ఇంటిభాషని ఇంట్లోనే వదిలి వచ్చేది. మాస్టరుది కయత్తారు పక్క నల్లరేగడి భూములున్న కుటుంబం. ఆ ఇళ్ళలోనూ తెలుగే, కానీ వీధి వేరు.

"మీ అమ్మకి మోకాళ్ళు ఎట్ల ఉండాయమ్మా ఇప్పుడు?" అన్నాడాయన తెలుగులోనే.

కొంచెం పరవాలేదని చెప్పిందామె. ఇంక ఏ ప్రశ్నా రాలేదు. అన్నిటికీ ఇంకోసారి, ఇంకోసారి అని ప్రాణం తీసే మనిషి ఈ ఒక్క విషయంలో సగం ప్రశ్నతోనే తృప్తిపడి కిటికీలోంచి గాలిమరలు చూస్తూ కూర్చున్నాడు.

శిక్షణ ఇచ్చేవాడు చెన్నై నుంచి వచ్చిన సతీష్‌కుమార్. చక్కటి కోటు, చక్కటి గొంతు, అరవైనాలుగు స్లైడులు. ఎదురుగా ఇరవై ఆరుమంది. మిల్లులవాళ్ళు, పప్పు ఫ్యాక్టరీలవాళ్ళు, తూత్తుకుడిలో ఉప్పు పండించే ఉప్పళాల మేనేజర్లు, తిరుత్తంగల్ నుంచి ముత్తుపాండి అనే ప్రెస్సు సూపర్‌వైజరు. ముత్తుపాండి యంత్రం దగ్గర పుట్టి యంత్రం దగ్గరే పెద్దవాడైనవాడు. ఇంగ్లీషు మాట వినబడినప్పుడల్లా నోటుబుక్కు మూసి దాని అట్టను శ్రద్ధగా చూసేవాడు. అళగర్సామి మాస్టరు ముందు వరసలో నట్టనడుమ కూర్చున్నాడు. పాండిసెల్వి ఆయనకి నాలుగు వరసల వెనక కూర్చుంది.

సతీష్‌కుమార్ మొదట తెర మీద ఒక వంపుగీత చూపించాడు. మార్పు వచ్చినప్పుడు మనిషి మనసు ఈ గీత వెంట పోతుందట. ముందు నమ్మడు, తర్వాత కోపగిస్తాడు, తర్వాత ఈ గుంటలోకి దిగుతాడు, చివరికి ఒప్పుకుని పైకి వస్తాడు.

"పురియలే," అన్నాడు మాస్టరు.

సతీష్‌కుమార్ చిరునవ్వుతో మళ్ళీ చెప్పాడు. మాస్టరు మెడ వాల్చి, ఈ గీత ఎవరిది, యజమానిదా, పనివాడిదా అని అడిగాడు. అందరిదీ అన్నాడు సతీష్‌కుమార్. అలాగైతే యజమాని ఈ గుంటలోకి ఏ నెలలో దిగుతారో ముందే చెబితే మేమూ సిద్ధంగా ఉంటాం గదా, అన్నాడు మాస్టరు, ఏ కల్మషమూ లేని మొహంతో. హాలంతా నవ్వింది. పాండిసెల్వి ముందు కుర్చీ వెనక తల దాచుకుంది.

"రైట్‌సైజింగ్" అన్న మాట వచ్చినప్పుడు గంటంపావు పట్టింది. సరైన సైజుకి రావడం అన్నాడు సతీష్‌కుమార్. ఇప్పుడు తప్పు సైజులో ఉన్నామా అని మాస్టరు. మనుషుల సంఖ్యను సరిచేయడం అన్నాడాయన. పెంచడమా అని ఈయన. కాదు, తగ్గించడం. అంటే పంపించేయడమా. అలా అనకూడదండీ. ఎందుకనకూడదు, పురియలే. సాయంత్రానికి అరవైనాలుగులో పదకొండు స్లైడులు అయ్యాయి. చిత్రం ఏమంటే, మూడోసారి చెప్పినప్పుడల్లా ముత్తుపాండి నోటుబుక్కు తెరిచి తమిళంలో ఏదో రాసుకునేవాడు. మధ్యాహ్నం నూనెలో వేగిన పరోటాలు తింటూ ఉప్పళాల మేనేజరొకడు మాస్టరు భుజం తట్టి, మీరు బాగా అడుగుతున్నారన్నాడు. పాండిసెల్వికి అది వెటకారంలాగే వినిపించింది.

మూడో రోజు కష్టమైన పాఠం. పని పోయిందని మనిషికి ఎలా చెప్పాలి. సతీష్‌కుమార్ మాటలు తెర మీద రాసి ఉన్నాయి, అవి అలాగే చదవాలి. పనివాడి వేషం వేయడానికి ఎవరూ లేవలేదు. అందరూ కలిసి మాస్టరును ముందుకు తోశారు. ఆయన వెళ్ళి కుర్చీ అంచున, రెండు చేతులూ మోకాళ్ళ నడుమ పెట్టుకుని కూర్చున్నాడు. ఆ కూర్చోవడం పాండిసెల్వికి ఎక్కడో చూసినట్టనిపించింది. ఆఫీసు గదిలో కుర్చీ చూపిస్తే మిల్లు ఆడవాళ్ళు అలాగే కూర్చుంటారు.

సతీష్‌కుమార్ చదివాడు. మన సంస్థ పరివర్తన ప్రయాణంలో భాగంగా మీ పాత్రను పునఃపరిశీలించడమైనది.

పురియలే, అన్నాడు మాస్టరు. ఏ పాత్ర సార్, నేను ఇంటినుంచి టిఫిన్ డబ్బా తప్ప ఏ పాత్రా తేలేదే.

హాలు గొల్లుమంది. సతీష్‌కుమార్ కూడా నవ్వాపుకుని, ఇకమీదట మీ పాత్ర అవసరపడకపోవచ్చునని తెలియజేస్తున్నాం, అన్నాడు. మాస్టరు మళ్ళీ అదే మాట అన్నాడు, ఈసారి మెల్లిగా. నవ్వులు పలచబడ్డాయి. సతీష్‌కుమార్ తెర వంక చూశాడు. అక్కడ ఇంకో వాక్యం లేదు. ఎదురుగా మోకాళ్ళ నడుమ చేతులు పెట్టుకున్న మనిషి, ఎప్పటికైనా అర్థమవుతుందన్న ఆశతో, ఆయన నోటివంక చూస్తున్నాడు. సతీష్‌కుమార్ ఒక అడుగు దగ్గరికి జరిగి, ఎదురుగా ఉన్నది మాస్టరన్నది మరిచి, గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మా, రేపట్నుంచి మీకు పని లేదు. రానక్కరలేదు."

మాస్టరు లేచి నిలబడ్డాడు. "సరి సార్" అని చేతులు జోడించి, తన వరసలోకి వచ్చి కూర్చున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తర్వాతి స్లైడు రాలేదు. ఇరవై నిమిషాలు ముందే టీ ఇచ్చారు. వరండాలో సతీష్‌కుమార్ పాండిసెల్వి పక్కన నిలబడి, చేతిలో టీ చల్లారిపోతుంటే, పదకొండేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాననీ, ఆ ఒక్క వాక్యం మాత్రం ఇన్నాళ్ళూ తన నోటితో అనలేదనీ చెప్పాడు. ఆమె సంచీలో నలభై ఒక్క పేర్లున్నాయి.

మిల్లుకి తిరిగి వచ్చాక, జాబితా సంగతి ఎలా పసిగట్టాడో గానీ, మాస్టరు నేరుగా మాధవన్ గదికి వెళ్ళి, దాన్ని ఖాయం చేసేముందు అందులోని నలభై ఒక్కమందికీ ట్యాబు నేర్పించి చూడాలని పట్టుబట్టాడు. మూడు నెలలు అడిగితే ఆరు వారాలు దొరికింది. కోయంబత్తూరు నుంచి మునియసామి అనే కుర్ర ఇంజినీరు వచ్చాడు. తెలివైనవాడే, నోరే రైలు. ఎర్ర దీపం అంటే ఇది, పసుపు అంటే ఇది, ఇక్కడ నొక్కితే కదురు నెంబరు, ఇక్కడ జరిపితే వెనకటి లెక్క, పురిందా అనేవాడు. నలభై ఒక్కమందీ తలలూపేవారు. మాస్టరు ఊపేవాడు కాదు. ఒక్క పసుపు దీపం గురించే ఏడుసార్లు చెప్పించుకున్నాడు. చివరికి విసుగెత్తి మునియసామి ట్యాబును ఆడవాళ్ళ చేతులకిచ్చి, ఈయనకి మీరే నేర్పండమ్మా, అనేవాడు. వాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతూ మాస్టరు వేలు పట్టుకుని నొక్కించేవారు. ఆయన వేలు సరిగ్గా తప్పు చోటే నొక్కేది. అక్కడ కాదు మాస్టర్, ఇక్కడ, అని వాళ్ళు చెప్పేవారు.

నాలుగో వారంలో చిన్నతాయి రావడం మానేసింది. పాండిసెల్వి వాళ్ళింటికి వెళ్ళింది. చిన్నతాయి గుమ్మంలో కూర్చుని మల్లెమొగ్గలు తడుముకుంటూ కడుతోంది. కళ్ళల్లో పొర వచ్చిందనీ, ఎరుపేదో పసుపేదో తేలడం లేదనీ, ఇంకొకళ్ళ వంతును తాను తినడం ఎందుకనీ చెప్పింది. ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి అంత తేలిగ్గా చెప్పేస్తుంటే పాండిసెల్వికి కోపం వచ్చింది. కోపం తనమీదా, జాబితామీదా అని విడదీయలేక మాస్టరు మీదికి తిప్పింది. ఆ మనిషి ఒక్కసారికి అర్థం చేసుకుని ఉంటే పాఠం ఎప్పుడో అయిపోయేది, మీకింకా ఎక్కువ నేర్పేవాళ్ళు, అంది.

చిన్నతాయి చేతిలో దారం ఆగింది.

"ఆయనకి తెలీదని అనుకుంటివా నువ్వు?" అంది. "నువ్వు సదువుకొన్నదానివి సెల్వీ, నీకి తెలియదు. మాకి ఎవురన్నా ఒక తూరి చెప్తే తల ఊపేస్తాము. ఊపకుంటే, ఇది గూడా తెలీదా అంటారు. ఆయన అడిగితే మాకి ఇంకో తూరి ఇనపడతాది. అంతే."

తర్వాత ఆమె ముత్తుమారి సంగతి చెప్పింది. మాస్టరు ఆ పదవికి వచ్చిన మొదటి ఏడాది. దూదిని దువ్వే యంత్రం దగ్గర ముత్తుమారి అని పద్దెనిమిదేళ్ళ పిల్ల ఉండేది. యంత్రం ఆపినా లోపలి సిలిండరు కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది, అది ఆగేదాకా మూత తీయకూడదు అని కొత్త ఫిట్టరు ఒకసారి గబగబా చెప్పి, పురిందా అన్నాడు. సరి సార్, అందా పిల్ల. మాస్టరు అక్కడే ఉన్నాడు. ఆ పిల్ల మొహం చూశాడు, దానికి ఏమీ అర్థం కాలేదని ఆయనకి తెలిసింది. తర్వాత చెబుదాంలే అనుకుని వేరే పని మీద వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమే ముత్తుమారి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆమె ఇప్పుడు తూత్తుకుడిలో అక్క దగ్గర ఉందట. మాస్టరు ఏటా వెళ్ళి చూసి వస్తాడట.

"ఆ పొద్దునుంచే ఆయనకి ఏదీ తెలియకుండా పొయ్యె," అంది చిన్నతాయి.

పాండిసెల్వి ఇంటికి నడిచి వెళ్ళింది. బస్సు ఎక్కాలని గుర్తు రాలేదు. నిప్పు సిలిండర్ల రోజు, ఆసుపత్రి, పిన్ను పట్టుకున్న ఆడవాళ్ళు, ముత్తుపాండి నోటుబుక్కు, అన్నీ వరసగా వచ్చి కళ్ళముందు నిలబడ్డాయి. ఆరేళ్ళు ఆమె ఈ మనిషిని చూసి సిగ్గుపడింది. తనకీ ఏదో అర్థం కాకుండా పోయింది, పైగా ఇంకోసారి అడిగిన పాపాన కూడా పోలేదు.

ఆ మర్నాడే మునియసామి నివేదిక వచ్చింది. పనివాళ్ళు ఊహించినదానికన్నా బాగా నేర్చుకుంటున్నారనీ, అడ్డంకి స్పిన్నింగ్ మాస్టరేననీ, ఏడుసార్లు వివరించినా ఆయనకు అందడం లేదనీ, డిజిటల్ పద్ధతికి ఆయన తగరనీ అందులో రాసి ఉంది. మాధవన్ దాన్ని రెండుసార్లు చదివి, అంత పెద్ద మనిషిని ఇబ్బంది పెట్టడం తనకూ ఇష్టం లేదంటూనే, ఆయన్ని పనిలోంచి తప్పించే ఉత్తరం తయారు చేయమన్నాడు.

పాండిసెల్వి ఉత్తరం రాయకుండా మాస్టరు దగ్గరికి పరుగెత్తింది. యంత్రాల హోరులో ఆయన ఒక మూల నిలబడి, ఎవరూ చూడడం లేదనుకుని, ట్యాబు మీద వేలు ఆడిస్తున్నాడు. తెగిన పోగుల లెక్కని షిఫ్టుల వారీగా విడదీసి చూస్తున్నాడు. మునియసామి ఇంకా ఎవరికీ నేర్పని పాఠం అది. ఆమెను చూడగానే ట్యాబు తిరగేసి పట్టుకున్నాడు. ఆమె దాన్ని ఆయన చేతిలోనే సరిగ్గా తిప్పి, అంతా తెలిసిందనీ, ఇప్పుడే వెళ్ళి మాధవన్ ముందు ఇదే చేసి చూపించమనీ తెలుగులో బతిమాలింది.

మాస్టరు ట్యాబును మళ్ళీ తిరగేశాడు.

"ఇంకా పద్నాలుగు దినాలు పాటం ఉండాదమ్మా," అన్నాడు. "ఇరవైమందికి ఇంకా పట్టుబడలేదు. నాకి తెలుసని తెలిస్తే, ఆ పిల్లోడు ఇంక రెండో తూరి ఎవురికి చెప్తాడు?"

ఉత్తరాన్ని పద్నాలుగు రోజులు ఆపగలిగింది పాండిసెల్వి. ఒకరోజు ప్రింటరు పాడైంది, ఒకరోజు తేదీ తప్పు పడింది, ఇంకో నాలుగు రోజులు ఆమెకే జ్వరం వచ్చింది. ఆ జ్వరంతోనే రోజూ మిల్లుకి వచ్చి పాఠం వింది. పరీక్ష జరిగిన రోజున నలభై ఒక్కమందిలో ఇరవై ఏడుగురు నెగ్గారు. పట్టుబడని ఇరవైమందిలో ఆరుగురు అందులో ఉన్నారు. పద్నాలుగుమంది మిగిలిపోయారు. వాళ్ళకి పాండిసెల్వి తెర మీది వాక్యాలు చదవలేదు. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, పక్కనే కూర్చుని, ఉన్న మాట ఉన్నట్టు చెప్పింది. కొందరు ఏడ్చారు. ఒకావిడ టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, అయితే ఈపూట అన్నం ఇక్కడే తినిపోవచ్చునా అని అడిగింది. ఆ రోజు పాండిసెల్వి అన్నం తినలేదు.

పదిహేనో మనిషిగా మాస్టరు వచ్చాడు. కుర్చీలో బాగా వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు, పెళ్ళికి వచ్చినవాడిలా. ఆమె ఉత్తరం చేతిలోకి తీసుకుంది. మూడోసారి దాకా చెప్పాల్సి వస్తుందేమోనని, ఎన్నిసార్లయినా ఆయనకి బాధ లేకుండా చెప్పాలని రాత్రంతా మాటలు కూడబెట్టుకుని వచ్చింది.

"సార్, మీకు…" అంది.

"తెలిసిందమ్మా," అన్నాడాయన.

చెయ్యి చాచి ఉత్తరం తీసుకుని, చదవకుండానే సంతకం పెట్టాడు. ఆమె తల వంచుకుంది. ఆమె కళ్ళు తుడుచుకునేదాకా గోడమీది క్యాలెండరు చూస్తూ ఓపిగ్గా కూర్చుని, ఆ ఒడిశా పిల్లలకి తమిళమూ రాదు, తెలుగూ రాదు, వాళ్ళకి చెప్పేటప్పుడు మొహాలు చూసి చెప్పమ్మా, అని లేచాడు. యంత్రాల మధ్యనుంచి ఆయన నడిచిపోతుంటే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఎర్ర దీపాలు వెలుగుతున్నా ఆ కాసేపూ ఎవరూ పోగు అతకలేదు. మాస్టరే ఒకచోట ఆగి, తెగిన పోగును అతికి వెళ్ళాడు.

నెలన్నర తర్వాత ఒక ఆదివారం పాండిసెల్వి కయత్తారు పక్కనున్న మాస్టరు ఊరికి వెళ్ళింది. విరుదునగర్ శిక్షణ సర్టిఫికెట్లు అప్పుడే పోస్టులో వస్తే ఆయనది పట్టుకెళ్ళింది. మాస్టరు భార్య పెరియనాయగి కాఫీ కలిపి తెచ్చి, నడవాలో తన ఎదురుగానే చాప మీద కూర్చోబెట్టుకుంది. ఏ వీధి అని ఆమె కూడా అడగలేదు. మాటల్లో పాండిసెల్వి నోరుజారి పురియలే మాస్టరు అనేసి నాలుక కరుచుకుంది. పెరియనాయగి ఆ పేరు ఎప్పుడూ వినలేదు. ఎందుకలా పిలుస్తారో చెప్పించుకుంది. విని కాసేపు నమ్మలేదు, తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని, కాఫీ చిందేటట్టు నవ్వింది.

"ఈయనకా? ఈయనకా పురియనిది?" అంది. "నేను నోరు తెరవకముందే ఏమి అడగతానో తెలిసిపోతాదమ్మా ఈ మనిసికి. ఒక అబద్దం చెప్పేదానికి లేదు. ముప్పై ఏండ్లు ఆ బయంతోనే కాపరం చేస్తిని."

మాస్టరు మూలన కూర్చుని సర్టిఫికెట్టును తిప్పి తిప్పి చూస్తూ ఏమీ విననట్టు నటిస్తున్నాడు. ఇంట్లో ఆ నటన ఎవరూ నమ్మరు. అప్పుడే ఆయన ఫోను మోగింది. చెన్నై నుంచి సతీష్‌కుమార్. పెరియనాయగి అందరికీ వినబడేటట్టు మీట నొక్కింది.

సతీష్‌కుమార్ ముందు కుశలమడిగి, మిల్లు సంగతి తనకీ తెలిసిందని చెప్పి, వచ్చే వారం తూత్తుకుడిలో ఉప్పు కంపెనీ సూపర్‌వైజర్లు ముప్పైమందికి శిక్షణ ఉందనీ, మాస్టరు వచ్చి ముందు వరసలో కూర్చోవాలనీ అన్నాడు. పాఠం చెప్పాలా అని అడిగాడు మాస్టరు. అక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు, అన్నాడాయన. మాస్టరు మెడ పక్కకు వాల్చాడు. ఈసారి ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. సతీష్‌కుమార్ రెండోసారి చెప్పాడు. మీరు వెళ్ళిపోయాక మూడు ఊళ్ళలో పాఠం చెప్పాననీ, అందరూ తలలూపుతున్నారనీ, ఒక్కరూ అడగడం లేదనీ, అరవైనాలుగు స్లైడులూ మధ్యాహ్నానికల్లా అయిపోతున్నాయనీ, తనకి భయంగా ఉందనీ అన్నాడు. మాస్టరు ఇంకా ఏదో అడగబోయాడు. పెరియనాయగి ఫోను లాక్కుని, వస్తారని తమిళంలో చెప్పేసి పెట్టేసింది.

"కూర్చునేదానికి పిలుస్తా ఉండారు, పొయ్యిరా," అంది మొగుడితో. "దినమంతా ఇంట్లో కూర్చుని నా మనసులోదంతా సదివేస్తా ఉండావు. అక్కడికి పోతే నీకీ మేలు, నాకీ మేలు."

మాస్టరు ఇంకొకసారి అడగకుండా, తెల్ల చొక్కా ఎక్కడుందో చూసుకోవడానికి లోపలికి వెళ్ళాడు. పెరియనాయగి పాండిసెల్వి గ్లాసులో మరికొంచెం కాఫీ పోసి, గొంతు తగ్గించి, ఆ చొక్కా తాను పొద్దున్నే ఇస్త్రీ చేసి పెట్టాననీ, ఈ సతీష్‌కుమార్ నిన్ననే ఒకసారి ఫోను చేశాడనీ, ఆ సంగతి మాత్రం ఈ మనిషికి ఇంకా తెలియదనీ చెప్పింది.

"తెలుసు," అన్నాడు మాస్టరు లోపలినుంచి.